వింటేజ్ అంటే ఎన్నేళ్లు, ఒరిజినల్ అంటే ఎంత: పాత బండిని తొలిసారి బాగుచేయించేవారి ముందున్న చిక్కుముళ్లు

యెజ్దీ మోటారుసైకిల్ అలవాటు లేనివారు ఆ బండి పక్కన నిలబడి కాసేపు తికమకపడతారు. ఎడమవైపు గేరు కడ్డీ ఉంటుంది, కిక్కు కడ్డీ మాత్రం ఎక్కడా కనిపించదు. రెండూ ఒకటే మరి. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు, బండి స్టార్టయ్యాక ముందుకు దించితే గేరు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు ఉండటం ఇంకో వింత. అలాంటి బండి పొలం దగ్గరి పాకలోనో, మెట్ల కిందనో గోనెపట్టా కప్పుకుని పడి ఉన్న ఇళ్లు మనకు ఇప్పటికీ చాలానే ఉన్నాయి. తాతగారిదో, ఉద్యోగ విరమణ చేసిన మేనమామదో. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడినవారికి మొదటి చిక్కు ఇంజను దగ్గర రాదు, మాటల దగ్గర వస్తుంది. వింటేజ్, ఒరిజినల్, రీస్టోరేషన్ అనే మూడు మాటలకు మెకానిక్ ఒక అర్థం చెబుతాడు, అమ్మేవాడు ఇంకొకటి చెబుతాడు, ఆర్టీఏ కార్యాలయం మూడోది చెబుతుంది.

ఈ మధ్య వచ్చిన మార్పులు ఆ తికమకను పెంచాయి. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 20 ఏళ్లు దాటిన మోటారుసైకిళ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును 2,000 రూపాయలకు పెంచింది. అదే ఏడాది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి పెద్ద దుమారం రేగింది. అంతకుముందే, 2021లో, యాభై ఏళ్ల బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. ‘పాత బండ్లను తుక్కు చేయాలట’ అన్న మాట వీటన్నిటితో కలిసిపోయి ఊళ్లలో తిరుగుతోంది. ఒక్కొక్క ముడినీ విడిగా చూద్దాం. ఉదాహరణలకు ఎక్కువగా జావా, యెజ్దీలనే తీసుకుంటాను. వాటి కర్మాగారం మూతపడి దాదాపు మూడు దశాబ్దాలు కావడంతో తొలి ప్రయత్నంలో ఎదురయ్యే తిప్పలన్నీ వాటి దగ్గర ఒకేచోట కనిపిస్తాయి.

ఒక్క మాట కింద నాలుగు పనులు

మైసూరులోని ఐడియల్ జావా సంస్థ 1961లో చెకొస్లొవేకియా కంపెనీ లైసెన్సుతో జావా 250 తయారీ మొదలుపెట్టింది. 1970ల మొదట్లో అదే వంశపు బండి యెజ్దీ పేరుతో రావడం మొదలైంది. 1978లో రోడ్‌కింగ్ వచ్చింది. 1996లో ఉత్పత్తి ఆగిపోయింది. 1974 నాటి యెజ్దీ ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. దాన్ని ‘బాగుచేయించడం’ అంటే నాలుగు వేర్వేరు పనుల్లో ఏదైనా కావచ్చు.

మొదటిది నడిచే స్థితికి తేవడం. ఇంజను, బ్రేకులు, టైర్లు, వైరింగు సరిచేస్తారు. రంగు వెలిసిపోయి ఉంటే అలాగే ఉండనిస్తారు. రెండోది సంరక్షణ. దొరికిన స్థితినే కాపాడటం దీని ఉద్దేశం. తుప్పు ఇంకా ముందుకు పాకకుండా ఆపుతారు, పాత రంగును తుడిచి మైనం పూస్తారు, గీతలనూ సొట్టలనూ ముట్టుకోరు. మూడోది అసలైన పునరుద్ధరణ. బండిని చివరి నట్టు దాకా విప్పి, కర్మాగారం గేటు దాటిన రోజు ఎలా ఉందో అలా చేయడానికి ప్రయత్నిస్తారు. నాలుగోది పాత రూపంలో కొత్త ప్రాణం పోయడం. పాత ట్యాంకు, పాత సీటు ఉంటాయి కానీ ముందు డిస్కు బ్రేకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఎల్‌ఈడీ దీపం వచ్చి చేరతాయి.

ఈ నాలుగింటికీ అయ్యే ఖర్చు, పట్టే కాలం, చట్టం వాటిని చూసే తీరు, తిరిగి అమ్మితే వచ్చే ధర, అన్నీ వేరు. తొలిసారి చేసేవారు తరచుగా మొదటిదానికి సరిపడే డబ్బుతో బయలుదేరి, మధ్యలో మూడోదాని మీద మనసుపడి, చివరికి చేతికందిన విడిభాగాలతో తెలియకుండానే నాలుగోదానిలో తేలతారు. పాత బండ్ల బజారులో అట్టపెట్టెల నిండా విప్పిన భాగాలతో ‘సగం పని అయింది’ అంటూ అమ్మకానికి వచ్చే బండ్ల వెనక చాలావరకు ఇదే కథ.

వింటేజ్: వాడుక లెక్క వేరు, చట్టం లెక్క వేరు

వాడుకలో కాస్త పాతదైతే చాలు, వింటేజ్ అనేస్తాం. యమహా ఆర్‌ఎక్స్ 100ను కూడా అమ్మేవాళ్లు అలాగే పిలుస్తారు. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ మాత్రం గీత స్పష్టంగా గీసింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనం, సొంత వాడకం కోసం ఉన్నది, అసలు రూపంలోనే ఉన్నది, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో గణనీయమైన మార్పులకు లోనుకానిది అయితేనే వింటేజ్.

మూడు బండ్లతో లెక్క చూద్దాం. 1968లో రిజిస్టరైన జావా 2018కే యాభై దాటింది కాబట్టి అర్హత ఉంది. 1979 నాటి రోడ్‌కింగ్ 2029 దాకా ఆగాలి. 1988 నాటి ఆర్‌ఎక్స్ 100కు ఆ ముచ్చట 2038లో. అసలు ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి వచ్చిందే 1985లో కాబట్టి 2035కు ముందు ఏ ఆర్‌ఎక్స్ 100 కూడా చట్టం దృష్టిలో వింటేజ్ కాదు, ప్రకటనలో ఏమి రాసినా సరే.

అర్హత ఉంటే ఏమి వస్తుంది? కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, తరువాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఒకసారి చేయిస్తే పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా నంబరు ఇవ్వాల్సి వస్తే రాష్ట్రం అక్షరాల పక్కన ‘వీఏ’ అని ఉంటుంది. ఇప్పటికే నంబరున్న బండి ఆ పాత నంబరునే అట్టిపెట్టుకోవచ్చు. 1989కి ముందు రిజిస్టరై, ‘ఏ’తో మొదలయ్యే మూడక్షరాల ఆంధ్రప్రదేశ్ నంబరు మోస్తున్న బండి యజమానికి ఈ సంగతి చెవిన పడితే ప్రాణం లేచివస్తుంది. ఆ పాత నంబరు పలక మీద మమకారం అలాంటిది.

అయితే మెలిక ఇక్కడే ఉంది. వింటేజ్‌గా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. ఆదివారం ఉదయం సరదాగా చేపల మార్కెట్టుకు వెళ్లొస్తామంటే కుదరదు. అంటే తాతగారి బండి మీద మనవడు కాలేజీకి వెళ్లాలన్నది కోరికైతే, యాభై దాటినా మామూలు రిజిస్ట్రేషనే వారికి పనికొచ్చేది.

ఇంకో మెలిక కూడా ఉంది. ‘గణనీయమైన మార్పు’ ఎక్కడ మొదలవుతుంది? అరిగిన సిలిండరు లోపలి గోడను కోయించి (బోరు చేయించి) కొత్త పిస్టన్ వేయడం మామూలు నిర్వహణ అని పాత బండ్ల ప్రియుల వాదన. ఆ పని చేయకుండా ఏ ఇంజనూ యాభై ఏళ్లు నడవదు కాబట్టి అందులో బలం ఉంది. ఇంజనునే మార్చేసినా, ఫ్రేమును కోసి అతికినా అది వేరే సంగతి. ఈ రెండు కొసల మధ్య ఉన్న పనులను తూచేది తనిఖీ చేసేవారి విచక్షణే. డిస్కు బ్రేకు, కొత్త వైరింగు పెట్టించిన నాలుగో రకం బండి ఈ తక్కెడలో తేలిపోయే ప్రమాదం ఎక్కువ.

ఆర్సీ కథ ఇంజను కథకంటే ముందే మొదలవుతుంది

మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి. ఇదేమీ కొత్త నియమం కాదు, రుసుమే పెరిగింది. ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద వచ్చిన ఆంక్షలు అక్కడి గాలి కాలుష్యంపై న్యాయస్థానాల ఆదేశాలతో వచ్చినవి. వాటిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు అంటగట్టి భయపడేవారు కనిపిస్తున్నారు, ఆ భయానికి ఆధారం లేదు.

పాకలో పడి ఉన్న బండి విషయంలో అసలు సమస్య వేరు. ఆర్సీ తాతగారి పేరున ఉంటుంది, ఆయన ఉండరు. అమ్మకం ద్వారా పేరు మారితే 29, 30 నంబరు ఫారాలు వాడతారు. యజమాని మరణం తరువాత వారసుడి పేరుకు మార్చడానికి 31వ ఫారం వేరుగా ఉంది. నలుగురు వారసులుంటే మిగిలినవారి సమ్మతి సంగతి తేలాలి. బండిని తుక్కువాడికి ఇచ్చేద్దామన్నప్పుడు ఎవరూ నోరెత్తరు. దాని మీద కొత్త రంగు మెరిసిన రోజున చిన్నాన్నగారికి అకస్మాత్తుగా తండ్రి జ్ఞాపకం వస్తుంది. ఇలాంటివి చాలా ఇళ్లలో చూశాం.

బయటి నుంచి కొన్న బండికైతే రెండు నంబర్లే జాతకం. ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజను మీది నంబరు. ఆర్సీలో ఉన్నవీ, ఇనుము మీద ఉన్నవీ ఒకటే కావాలి. పాత యెజ్దీల్లో ఇంజను మార్చడం మామూలుగా జరిగిన పని, ఎక్కడో దొరికిన ఇంజను తెచ్చి బిగించేవారు. అలా మార్చినప్పుడు ఆర్సీలో నమోదు చేయించకపోతే ఈనాటి తనిఖీలో అది తేడాగా బయటపడుతుంది. ఛాసిస్ నంబరు తేడా అంతకంటే పెద్ద తలనొప్పి, దొంగ బండి అన్న అనుమానం నేరుగా అక్కడికే వస్తుంది. ‘కాగితాలు లేవు, అందుకే చవక’ అనే బండి నిజంగా చవకా అన్నది దాన్ని ఎందుకు కొంటున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. విడిభాగాలకైతే అవును, రోడ్డు మీద నడపడానికైతే కాదు.

ఇతర రాష్ట్రపు బండికి అక్కడి ఆర్టీఏ ఇచ్చే నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. మైసూరు, బెంగళూరు వైపు జావాలు దండిగా దొరుకుతాయి కాబట్టి మనవాళ్లకు ఈ ఖర్చు తరచుగా తగులుతుంది. బేరం కుదిరేటప్పుడు మాత్రం దాని గురించి ఇరుపక్షాలూ మౌనంగా ఉంటాయి.

‘ఒక్క కిక్కుకే లేచింది’ అంటే ఏమీ తెలియనట్టే

జావా, యెజ్దీ, రాజ్‌దూత్, ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ బండ్లు. బుల్లెట్ ఫోర్ స్ట్రోక్. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం నేరుగా పిస్టన్ పైకి రాదు. ముందు పిస్టన్ కింద, దాని కదలికను తిరుగుడుగా మార్చే క్రాంకు ఉండే గదిలోకి వెళ్తుంది. పిస్టన్ దిగుతూ దాన్ని నొక్కితే పక్క దారుల గుండా పైకి చేరుతుంది. అంటే ఆ కింది గది కూడా ఒక పంపులాగా పనిచేయాలి, ఎక్కడా గాలి చొరబడకూడదు. క్రాంకు ఇరుసు బయటికి వచ్చే రెండు చోట్లా ఆ గాలిని ఆపేది రబ్బరు ఆయిల్ సీళ్లు.

ఇరవై ఏళ్లు కదలకుండా ఉన్న బండిలో ఆ రబ్బరు గట్టిపడి చిట్లుతుంది. ఒకవైపు సీలు పోతే బయటి గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలుచనవుతుంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పలుచని మిశ్రమం ఎక్కువ వేడితో మండుతుంది. పైగా ఈ ఇంజనుకు నూనె అందేది పెట్రోలులో కలిసే కాబట్టి, పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. పిస్టన్ ఉబ్బి సిలిండరు గోడకు పట్టేస్తుంది. గేరుబాక్సు వైపు సీలు పోతే వేరే లక్షణం కనిపిస్తుంది. ఇంజను గేరు నూనెను పీల్చుకుని తాగుతుంది, సైలెన్సర్ల నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది, గేరు నూనె ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంది.

ఈ రెండు జబ్బులూ ఉన్న బండి కూడా చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే లేవగలదు. అందుకే అమ్మేవాడు ఇంటి ముందు స్టార్ట్ చేసి చూపించడం ఇంజను ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. నిజం బయటపడేది వేసవి ఎండలో ఇరవై కిలోమీటర్లు ఆపకుండా వెళ్లినప్పుడు.

బోరు చేయించడం గురించి కూడా ఒక అపోహ ఉంది. సిలిండరు లోపలి గోడ అరిగితే లేత్ వర్క్‌షాపులో దాన్ని కాస్త పెద్దదిగా కోసి, ఆ కొలతకు సరిపడే పెద్ద పిస్టన్ వేస్తారు. దీనివల్ల సీసీ పెరిగి ఆర్సీతో తేడా వస్తుందేమోనని కొందరి భయం. లెక్క వేసి చూద్దాం. యెజ్దీ సిలిండరు వ్యాసం 65 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 75. ఘనపరిమాణం దాదాపు 249 సీసీ. వ్యాసాన్ని నిండు మిల్లీమీటరు పెంచి 66 చేసినా వచ్చేది దాదాపు 257. మూడు శాతం తేడా, బండి నడకలో తెలియనే తెలియదు.

అసలు ప్రశ్న సీసీ కాదు, సిలిండరుకు ఇంకా ఎంత ఆయుష్షు మిగిలిందన్నది. పెద్ద పిస్టన్లు సాధారణంగా పావు మిల్లీమీటరు మెట్లలో దొరుకుతాయి. 65 నుంచి 66 దాకా నాలుగే మెట్లు. ఇప్పటికే మూడుసార్లు బోరు అయిన సిలిండరైతే ఒక్క మెట్టే మిగిలినట్టు. ఆ తరువాత లోపల కొత్త గొట్టం (స్లీవు) దించి మళ్లీ మొదటి కొలతకు రావాలి. ఎన్నో మెట్టు మీద ఉందో సాధారణంగా పిస్టన్ నెత్తి మీద కొట్టిన అంకె చెబుతుంది, సిలిండరు పైమూత (హెడ్) విప్పితే కనిపిస్తుంది. కొత్త పిస్టన్‌కూ గోడకూ మధ్య వదిలే సందు తలవెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. ఇంజను పనిలో మంచి లేత్ మనిషి చేతికి అంత విలువ ఉండేది ఈ సందు కోసమే.

మొదటిసారి పని పట్టేవారిలో కొందరు 2018లో మళ్లీ వచ్చిన జావా బండ్ల విడిభాగాలు పాతవాటికి సరిపోతాయనుకుంటారు. సరిపోవు. కొత్త జావాలది నీటితో చల్లబడే ఫోర్ స్ట్రోక్ ఇంజను. పేరు, జంట సైలెన్సర్లు తప్ప పాత బండితో దానికి చుట్టరికం లేదు.

ఇథనాల్ గొడవ పాత బండికి ఎందుకు వేరు

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు మీద జరిగిన చర్చ ఎక్కువగా మైలేజీ చుట్టూ తిరిగింది. యెజ్దీ నడిపేవారు మైలేజీ సంగతి ఏనాడో దేవుడికి వదిలేశారు. వారికి తగిలే దెబ్బలు రెండు.

ఒకటి రసాయనికం. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో ఆ నీరు అడుగున చేరి లోపలి నుంచి తుప్పు పెంచుతుంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బురేటరులోని పాతకాలపు భాగాలు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

రెండోది లెక్కకు సంబంధించినది. ఒక గ్రాము మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఒక గ్రాము ఇథనాల్‌కు 9 గ్రాములే చాలు. ఇరవై శాతం కలిపిన పెట్రోలుకు ఈ అంకె సుమారు 13.5కు దిగుతుంది. కొత్త బండ్లలో సెన్సార్లు ఈ తేడాను పసిగట్టి సర్దుకుంటాయి. యెజ్దీ కార్బురేటరులో ఉన్నది ఒక ఇత్తడి జెట్టు, దానికో చిన్న రంధ్రం, అంతే. అది ఎప్పటిలాగే పెట్రోలు వదులుతుంది, గాలి ఎప్పటిలాగే వస్తుంది. ఫలితంగా మిశ్రమం దాదాపు ఎనిమిది శాతం పలుచనవుతుంది.

పలుచని మిశ్రమం టూ స్ట్రోక్‌ను ఏం చేస్తుందో పైన చూశాం. ఆయిల్ సీలు సగం పోయిన బండికి ఈ ఎనిమిది శాతం తోడైతే పిస్టన్ పట్టేయడానికి దారి ఇంకా దగ్గరవుతుంది. అయితే భయాన్ని కూడా కొలిచి చూడాలి. ఒక మెట్టు పెద్ద జెట్టు వేయడం, కొత్త రకం రబ్బరు గొట్టాలు మార్చడం మెకానిక్కులకు కొత్త పనులేమీ కావు. పాత బండ్లన్నీ ఒక్కసారిగా మూలపడతాయన్న మాటలో అతిశయోక్తి ఉంది. ఏ తేడా రాదన్న మాట కూడా ఈ బండ్లకు వర్తించదు.

నూనె పాళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లంటే 25కు ఒకటి పాళ్లు. పాత జావాల కాలంలో ఇలాంటి పాళ్లు వాడేవారు. నేటి టూ స్ట్రోక్ నూనెలు మెరుగైనవి కాబట్టి తక్కువ చాలునని ఒక వర్గం, పాత బేరింగులకు పాత పాళ్లే మేలని ఇంకో వర్గం. మొదటివారికి పొగ తక్కువ, రెండోవారికి నిద్ర ఎక్కువ. నా ఓటు రెండోవారికే.

ఆరు వోల్టులా, పన్నెండా

పాత జావా, యెజ్దీల్లో డైనమో ఆరు వోల్టులది. రాత్రిపూట హెడ్‌లైటు వెలుగు చూసినవారు దాన్ని దీపావళి ప్రమిదతో పోలుస్తారు. పన్నెండుకు మార్చాలా వద్దా అన్నది ఈ రంగంలో ఎప్పటికీ తెగని పంచాయితీ.

35 వాట్ల బల్బు ఆరు వోల్టుల మీద వెలగాలంటే సుమారు 5.8 ఆంపియర్ల కరెంటు కావాలి. పన్నెండు మీదైతే అందులో సగం. ఇప్పుడు తుప్పుపట్టిన పాత తీగలు, కనెక్షన్లు కలిసి 0.2 ఓముల నిరోధం చూపుతున్నాయనుకుందాం. ఆరు వోల్టుల బండిలో దారిలోనే దాదాపు 1.2 వోల్టులు పోతాయి. బల్బుకు చేరేది 4.8, అంటే ఐదో వంతు నష్టం. పన్నెండు వోల్టుల బండిలో దారి ఖర్చు 0.6, మొత్తంలో ఇరవయ్యో వంతు.

రెండు పక్షాలూ తమకు అనుకూలంగా చదువుకోగల లెక్క ఇది. మార్చాలనేవారు నష్టం నాలుగో వంతుకు తగ్గిందంటారు. వద్దనేవారు నిరోధాన్ని చూపిస్తారు. కొత్త రాగి తీగలు, శుభ్రమైన ఎర్తు కనెక్షన్ వేసి ఆ 0.2ను 0.05 చేస్తే ఆరు వోల్టులలోనూ నష్టం ఐదు శాతానికి దిగుతుంది, డైనమోను కదిపే పనే లేదంటారు. రాత్రి జాతీయ రహదారి మీద నడపాల్సినవారికి మొదటి వాదన, అసలు రూపం కోరేవారికి రెండోది నచ్చుతుంది. బండి ఎందుకు అన్న ప్రశ్నే మళ్లీ ఎదురవుతోంది, గమనించే ఉంటారు.

బుల్లెట్ పానాల సంగతి, క్లుప్తంగా

తొలి ప్రయత్నానికి ఏ బండి సులువు అన్నదానికి జవాబు కొంతవరకు పానాల పెట్టెలో ఉంది. జావా, ఆర్‌ఎక్స్ 100ల నట్లు మెట్రిక్ కొలతలవి, ఏ హార్డ్‌వేర్ దుకాణంలోని పానాలైనా పడతాయి. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన పాత బుల్లెట్లు ఇంగ్లండు నమూనా బండ్లు. వాటి నట్లు బ్రిటిష్ కొలతలవి. అక్కడ పావు అంగుళం విట్‌వర్త్ పానా అంటే నట్టు తల పావు అంగుళమని కాదు, బోల్టు కాడ అంత అని. తల వెడల్పు 13.3 మిల్లీమీటర్లు. 13 పానా దూరదు, 14 పానా జారుతుంది. జారిన ప్రతిసారీ నట్టు అంచులు గుండ్రమవుతాయి. ముప్పై ఏళ్లలో ఎందరో చేతుల్లో 14 పానా తిన్న బుల్లెట్‌ను విప్పడం ఒక శిక్ష.

మిగతా విషయాల్లో మాత్రం బుల్లెట్టే దయగలది. విడిభాగాలు ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా దొరుకుతాయి, పోత ఇనుప ఇంజను తెలిసిన మెకానిక్కు ప్రతి పట్టణంలో ఒక్కరైనా ఉంటారు. యెజ్దీకి అలాంటివారు తగ్గిపోతున్నారు. ఉన్నవారిలో చాలామందికి వయసు పైబడింది.

రంగు దగ్గర చీలిపోయే రెండు బడులు

పాత జావా ట్యాంకు ముదురు ఎరుపు రంగులో, పక్కలకు క్రోము పలకలతో, చేత్తో గీసిన బంగారు రంగు గీతలతో ఉండేది. అది మళ్లీ అలా మెరిస్తేనే పునరుద్ధరణ అన్నది ఒక బడి. తాత ఎక్కినప్పుడు కొత్త బండే ఎక్కాడు, తుప్పుపట్టిన బండి కాదు అన్నది వారి తర్కం. రెండో బడివారు, కర్మాగారం వేసిన రంగు ఒక్కసారే ఉంటుంది, గీకేస్తే తిరిగి రాదు అంటారు. యాభై ఏళ్ల తొడల రాపిడికి ట్యాంకు పక్కన వెలిసిన మచ్చ కూడా బండి చరిత్రే అని వారి పట్టు.

ఇద్దరి వాదనలోనూ పసనుంది. ఎంపికను తేల్చేది చాలాసార్లు సిద్ధాంతం కాదు, ఇనుము స్థితి. తుప్పు పైపైన ఉంటే రెండో బడి మాట వినవచ్చు. ట్యాంకు అడుగు జల్లెడైతే వినడానికి ఏమీ మిగలదు. మొదటి బడిలో ఉన్న అపాయం ఏమిటంటే, మెరుపు కింద ఏముందో బయటికి కనిపించకపోవడం. సొట్ట తీయకుండా లప్పం నింపి రంగు కొడితే ఆరు నెలలు అద్భుతంగా ఉంటుంది, తరువాత పెచ్చులూడుతుంది. క్రోము కూడా అంతే. నిజానికి మెరుపులో ఎక్కువ వంతు కింది నికెల్ పూతది, పైన క్రోము పలుచని పొర మాత్రమే. తుప్పు గుంతలను పూడ్చి నునుపు చేయకుండా పూత వేస్తే గుంతలు కూడా మెరుస్తాయి.

ఫ్రేముకు వేసే పౌడర్ కోటింగ్ గట్టిది, చవక కూడా. కాని మందంగా కూర్చుంటుంది. ఇసుకతో గీకి, దాని మీద మందమైన పూత వేశాక ఛాసిస్ నంబరు గాట్లు నిండిపోయి చదవరాకుండా పోయిన సందర్భాలున్నాయి. నేను మొదటిసారి చేయించిన బండికి అదే జరిగింది. పూత వేసినవాడు చాలా శ్రద్ధగా వేశాడు పాపం. తనిఖీ రోజున ఆ నాలుగు అంగుళాల మేర నేను ఒక పూటంతా కూర్చుని గీకాల్సి వచ్చింది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

కింది అంకెలు బజారు ధరలు కావు, లెక్క నడిచే తీరు చూపడానికి వేసుకున్నవి. బండికి 40 వేలు, ఇంజనుకు 20, రంగుకు 15, టైర్లకూ చిల్లరకూ 10. మొత్తం 85 వేలు అనుకుని దిగారు. రంగు ముందు పూర్తిచేసి, బండి బిగించి, నడిపి చూశారు. వెయ్యి కిలోమీటర్లకు క్రాంకు బేరింగు మోత మొదలైంది. ఇంజను దించాలి. క్రాంకు పనికి 12 వేలు. దించేటప్పుడు ఫ్రేము రంగు గీతలు పడింది, దాన్ని సర్దడానికి 4 వేలు. మార్కెట్లో దొరికిన నకిలీ సైలెన్సరు బిగింపు కుదరక ఇంకొకటి, 6 వేలు. ఇప్పుడు మొత్తం 1,07,000. ఇందులో 16 వేలు క్రాంకు వల్ల, దాన్ని చూడకముందే రంగు పూర్తిచేయడం వల్ల వచ్చినవి.

అనుభవజ్ఞులు ముందు బండిని పాత రంగుతోనే కొన్ని నెలలు నడిపి, జబ్బులన్నీ బయటపడ్డాక విప్పడానికి కారణం ఇదే. అలా నడపాలన్నా బీమా, కాలుష్య పత్రం ఉండాల్సిందే. 2000 మార్చికి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దాటకూడదన్నది పరిమితి. నేటి బండ్లతో పోలిస్తే చాలా ఉదారమైన అంకెలవి. సీళ్లు, రింగులు బాగున్న యెజ్దీ వాటిని దాటకుండా ఉండగలదు. పొగ చిమ్మే బండి తప్పితే, తప్పు టూ స్ట్రోక్‌దేనా లేక ఆ ఇంజనుదా అని ముందు చూడాలి.

1976లో రిజిస్టరైన యెజ్దీలకు 2026తో యాభై నిండుతాయి. మామూలు ఆర్సీలోనే కొనసాగిస్తే ఐదేళ్లకోసారి 2,000 రూపాయల రుసుము, తనిఖీ, దానిమీద గ్రీన్ ట్యాక్స్. వింటేజ్‌గా మారిస్తే 20,000 రూపాయలు, పదేళ్ల హాయి, పెట్రోలు బంకు దాకా ప్రయాణం. దరఖాస్తు చేసుకున్న 60 రోజుల్లో వింటేజ్ ధ్రువపత్రం ఇవ్వాలని నిబంధన చెబుతోంది.